క్రైస్తవ ధర్మమున వినయము – సేవ



నేఁటి ప్రసంగమునకు విషయము క్రైస్తవ ధర్మమున వినయమునకును సేవకును గల సంబంధము. ఈ రెండు మాటలును మనకు క్రొత్తవి కావు. వినయము విద్యకు ఫలమని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. సేవ యనఁగా గురుసేవ, మాతాపితృసేవ, దైవసేవ యని మన మెఱుఁగుదుము. ఇవి యన్నియు చిన్నవాఁడు పెద్దవానికి చేయునవి. క్రైస్తవ గ్రంథములలో ఈ వరుస తలక్రిందు చేయఁబడినది. అక్కడ పెద్దవాఁడు చిన్నవానికి చేయునదే సేవ. పైనున్నవాఁడు క్రిందికి దిగుటయే వినయము. ఈ మార్పు ఎక్కడ మొదలైనదో, దానిని ఆచరణమున పెట్టినవారు ఏమి చేసిరో, నా కెఱుకయైనంతవఱకు విన్నవించెదను.

యోహాను వ్రాసిన సువార్తలో పదమూఁడవ అధ్యాయమున ఒక ఘట్టము గలదు. అది యేసుక్రీస్తు తన శిష్యులతో కలిసి భుజించిన కడపటి రాత్రి. మఱునాఁడే ఆయనను సిలువ వేసిరి. భోజనము జరుగుచుండఁగా ఆయన లేచి, పైవస్త్రము తీసి ప్రక్కన పెట్టి, ఒక తువాలు నడుమునకు కట్టుకొనెను. పళ్లెములో నీళ్లు పోసి శిష్యుల పాదములను ఒక్కరొక్కరుగా కడిగి, ఆ తువాలుతోనే తుడిచెను. తరువాత వస్త్రము ధరించి తన చోట కూర్చుండి, గురువైన తాను చేసిన ఈ పనిని వారును ఒకరికొకరు చేయవలెనని బోధించెను.

ఈ కథ మన చెవికి ఇంపుగానే యుండును గాని, దీనిలోని పదును మనకు వెంటనే తగులదు. ఏలయనఁగా పాదప్రక్షాళనము మనకు పుణ్యకార్యము. అతిథి వచ్చినపుడు కాళ్లకు నీళ్లిత్తుము. పెండ్లిలో కన్యాదాత అల్లుని పాదములు కడిగి ఆ నీటిని శిరసున చల్లుకొనును. శ్రీకృష్ణుఁడు కుచేలుని పాదములు కడిగిన కథను భాగవతమున విని కన్నుల నీరు పెట్టుకొందుము. ఈ యన్నిటియందును ఎదుటివానిలో దైవమును భావించి చేయు పూజ గలదు. చేసినవానికి గౌరవమే గాని లోఁపము లేదు.

యూదయ దేశమున స్థితి వేఱు. అక్కడి బాటలు దుమ్ము బాటలు. జనులు ధరించునవి తెఱపిచెప్పులు. విందులలో వారు మనవలె బాసికపట్టు వేసికొని కూర్చుండక, ప్రక్కకు ఒరగి, కాళ్లు వెనుకకు చాఁచి భుజించెడివారు. వచ్చినవారి పాదములు కడుగుట ఇంటి దాసుల పని. స్వజాతివాఁడైన దాసునిచేత ఆ పని చేయింపరాదని యూదుల ధర్మవ్యాఖ్యానములలో ఒక నియమము సైతము గలదు. అనఁగా దాసులలోను కడగొట్టువానికి విడిచిన పని యది. మన గ్రామమున దానికి సాటి చెప్పవలెనన్నచో ఇట్లు తలఁపవచ్చును: పెండ్లి పంక్తి లేచిన పిదప, ఊరికి పెద్దయైన యజమానుఁడు తన తలపాగా తీసి నడుమునకు బిగించి, పనివారిని ప్రక్కకు తొలఁగుమని, ఎంగిలి విస్తళ్లు తానే ఎత్తి, పెరటిలోని మురుగు తానే తోడిపోసెనేని, చుట్టుప్రక్కలవారు ఏమి యనుకొందురు? శిష్యులకు ఆ రాత్రి తోఁచినది అదియే.

ఈ ఘట్టమున మూఁడు విశేషములు గమనింపఁదగినవి.

మొదటిది. ఆయన లేచుటకు ముందు సువార్తికుఁడు ఒక మాట చెప్పినాఁడు. సమస్తమును తన చేతికి ఈయఁబడినదనియు, తాను దేవుని యొద్దనుండి వచ్చితిననియు, తిరిగి దేవుని యొద్దకే పోవుచున్నాననియు ఆయన ఎఱిఁగియుండెను. అట్లు ఎఱిఁగియే లేచెను. వినయమనఁగా తన్ను తాను తక్కువగా చెప్పుకొనుట యని లోకము తలఁచును. “నేనెంతవాఁడను, నాకేమి తెలియును” అనుచు, ఎదుటివారు కాదనవలెనని లోలోపల కోరుకొనుట గూడ వినయముగా చెల్లుచున్నది. ఇక్కడి వినయము అట్టిది కాదు. తన నిలువు తెలిసినవాఁడు మాత్రమే వంగఁగలఁడు. వంగినచో పొట్టియగుదునేమో యను భయము వానికి లేదు. నేను చాల యేండ్లు బడిపంతులుగా పని చేసితిని. పాఠము చక్కఁగా వచ్చిన పిల్లవాఁడు చిన్నతరగతివారి నడుమ నేలపై చదికిలఁబడి అక్షరములు దిద్దించును. సగము వచ్చినవాఁడు తన బల్ల విడువఁడు.

రెండవది పేతురు మాట. గురువు తన పాదములు ముట్టుకొనఁబోఁగా అతఁడు వలదని కాళ్లు ముడుచుకొనెను. ఇది పైకి భక్తివలెనే యున్నది. క్రీస్తు దానిని అంగీకరింపలేదు. కడుగనీయనిచో తనతో అతనికి పాలు లేదనెను. సేవ చేయుటకే గాక, సేవ పొందుటకు సైతము వినయము కావలెనని దీని భావము. ఎందఱో మగవారు రోగమున పడి, మఱియొకరు ఎత్తి కూర్చుండఁబెట్టుటకు సిగ్గుపడి, కోపించి, చాకిరి చేయువారిని కసరుదురు. ఇచ్చుచేయి పైననే యుండవలెనని పట్టుపట్టుటయు ఒక అహంకారమే.

మూఁడవది మిక్కిలి కఠినమైనది. తన్ను శత్రువులకు అప్పగింపనున్న యూదా యనువాఁడు ఆ పంక్తిలోనే యున్నాఁడు. వాని తలంపు క్రీస్తు ఎఱుఁగును. అయినను వాని పాదములు విడిచి తక్కినవారివి కడిగెనని ఎక్కడను లేదు. అందఱి పాదములు కడుగుట ముగిసిన తరువాతనే వాఁడు లేచి చీఁకటిలోనికి పోయెను. పాత్రత చూచి చేయునది దానము కావచ్చును. ఈ సేవ పాత్రత నడుగదు.

ఇంకొక సంగతి. ఆ విందు వేళనే, తమలో ఎవఁడు గొప్పవాఁడని శిష్యులు వాదులాడుకొనిరని లూకా వ్రాసియున్నాఁడు. అంతకుముందే యాకోబు, యోహాను అను అన్నదమ్ములు గురువు రాజ్యమున కుడియెడమల పీటలు తమకే కావలెనని వేఁడుకొనిరి. సభలో ముందుపీట కొఱకు పోరాడువారి నడుమనే ఈ తువాలు కట్టఁబడినది. నీతి వినవలసినవారు ఎంత ఉత్తములైనను, వారికిని అది అవసరమే యయ్యెను.

ఇఁక సేవ నిష్కామమగుట యెట్లు? గీతను పారాయణము చేయువారికి ఫలమును కోరని కర్మను గూర్చి నేను చెప్పనక్కఱలేదు. క్రైస్తవ గ్రంథములు ఈ విషయమును సిద్ధాంతముగా చెప్పక కథగా చెప్పును. మత్తయి సువార్త ఇరువదియైదవ అధ్యాయమున అంత్యతీర్పు వర్ణింపఁబడినది. రాజు సింహాసనమున కూర్చుండి కొందఱిని కుడివైపునకు పిలిచి, తాను ఆఁకలిగొన్నపుడు అన్నము పెట్టినందులకు, రోగియై యున్నపుడు చూడవచ్చినందులకు, చెఱసాలలో పలుకరించినందులకు వారిని మెచ్చుకొనును. వారు ఆశ్చర్యపడి, అట్లు ఎప్పుడు చేసితిమని అడుగుదురు. అత్యల్పులైనవారికి చేసినది తనకే చేసినట్లని రాజు బదులు చెప్పును. ఇందలి రహస్యము వారి ఆశ్చర్యమున నున్నది. వారి వద్ద చిట్టా లేదు. చేసినదానిని ఎక్కడను జమకట్టుకొనలేదు. చేసినవానికే జ్ఞాపకము లేని మేలు నిజమైన మేలు.

ఈ బోధ గ్రంథములలోనే నిలిచిపోలేదు. తొలి సంఘమున పేద విధవరాండ్రకు దినదినము అన్నము పంచుటలో తగవు రాఁగా, ఆ పనికై ఏడుగురిని నియమించిరని అపొస్తలుల కార్యములలో గలదు. అన్నము వడ్డించువానికి గ్రీకు భాషలో చెల్లిన పేరే తరువాత సంఘమున ఒక పదవికి పేరైనది. నాలుగవ శతాబ్దమున కైసరియ నగరపు గురువైన బాసిలు తన ఊరి వెలుపల పేదలకును, రోగులకును, కుష్ఠరోగులకును పెద్ద ఆశ్రయము కట్టించెను. 590 మొదలు 604 వఱకు రోమునగరమున పోపుగా నున్న గ్రెగొరీ తన్ను దేవుని దాసులకు దాసుఁడనని వ్రాసికొనెను. మన వైష్ణవులు దాసానుదాసుఁడ ననుకొనుట ఇట్టిదే. ఆ బిరుదు నేఁటికిని పోపులకు చెల్లుచున్నది.

బిరుదు నిలుచుట సులభము, పని నిలుచుట కష్టము. ఈస్టరు పండుగకు ముందటి గురువారమున గురువు కొందఱి పాదములు కడుగుట అనేక సంఘములలో ఆచారము. ఆచారము పాఁతఁబడిన కొలఁది, ముందే శుభ్రముగా కడిగికొని వచ్చిన పాదములపై నాలుగు చుక్కలు చల్లుటగా మారుట కద్దు. 2013 మార్చి 28వ తేదీన పోపు ఫ్రాన్సిసు ఈ కర్మను పెద్ద దేవాలయమున జరుపక, రోములోని బాలనేరస్థుల చెఱసాలకు పోయి అక్కడివారి పాదములు కడిగెను. వారిలో ఆఁడువారును, మహమ్మదీయులును గలరు. కొందఱు ఆచారభంగమని నొచ్చుకొనిరి. కాని ఆ కర్మ పుట్టిన రాత్రి అది ఆచారమునకు భంగముగానే పుట్టినదని జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

ఈ ధర్మము మనుష్యుని ఎంతదూరము తీసికొనిపోవునో తెలిపెడి జీవితము ఒకటి గలదు. బెల్జియము దేశమున త్రెమెలో అను పల్లెలో 1840 జనవరి 3వ తేదీన ఒక రైతుకుటుంబమున పుట్టి, సన్న్యాసమున డేమియను అను పేరు పొందిన గురువు చరిత్రమది. ఆయన 1864లో పసిఫిక్ మహాసముద్రములోని హవాయి దీవులకు వచ్చెను. అప్పుడు అక్కడ కుష్ఠవ్యాధి వ్యాపించియుండెను. రోగులను వెదకి పట్టి ప్రత్యేకముగా నుంచవలెనని 1865లో చట్టము చేసి, 1866 జనవరిలో మొదటి పండ్రెండుమందిని మొలొకాయి దీవి కొననున్న కలావావో అనుచోట దింపిరి. మూఁడువైపుల సముద్రము, నాలుగవవైపున వేయి అడుగులకు మించిన నిలువుకొండ. అక్కడికి పోయినవాఁడు తిరిగి రాఁడు. భార్యకు భర్త, తల్లికి బిడ్డ బ్రదికియుండఁగనే లేనివారైరి.

1873 మే 10వ తేదీన డేమియను ఆ తీరమున దిగెను. అప్పటికి అక్కడ వందలకొలఁది రోగులు గలరు. వైద్యుఁడు నిలుకడగా లేఁడు. ఉండుటకు ఇల్లు లేక ఆయన తొలిదినములలో ఒక మొగలిజాతి వృక్షము క్రింద పండుకొనెను. తరువాత ఆయన చేసినది కేవలము ప్రార్థన చేయించుట యనుకొనరాదు. వడ్రంగమున ఆయనకు నేర్పు గలదు. రోగులకు ఇండ్లు కట్టెను. కొండవాఁగునుండి గొట్టములు వేసి త్రాగునీరు తెచ్చెను. వ్రణములు కడిగి కట్లు కట్టెను. చచ్చినవారికి పెట్టెలు చేసి, గుంటలు త్రవ్వి, మర్యాదగా పాతిపెట్టెను. అంతకుముందు శవమునకు ఆ మాత్రపు గౌరవమును కఱవు. రోగులతో ఒక్క పాత్రలో చేయి పెట్టి తినెను. ప్రసంగించునపుడు వారిని వేఱుచేసి పలుకక, కుష్ఠరోగులమైన మనము అని తన్నును వారిలో చేర్చుకొని మాటలాడెడివాఁడు. అప్పటికి ఆయన దేహమున రోగము లేదు.

1884 డిసెంబరులో ఒకనాఁడు ఆయన కాలు పొరపాటున మరుగు నీటిలో పడెను. చర్మము బొబ్బలెక్కెను గాని నొప్పి తెలియలేదు. స్పర్శ పోవుట ఆ వ్యాధి గుఱుతు. అప్పటినుండి ఆయన మాటలో కేవలము భావనగా నున్నది శరీరమున సత్యమైనది. ఆయన తన పని మానలేదు. 1886లో జోసెఫ్ డట్టను అను అమెరికా దేశీయుఁడును, 1888లో మరియాను కోప్ అను సన్న్యాసిని తన తోడి సోదరీమణులతోను అక్కడికి వచ్చి ఆ భారమును అందుకొనిరి. 1889 ఏప్రిల్ 15వ తేదీన డేమియను, నలువదితొమ్మిది యేండ్ల వయస్సున, కాలధర్మము చెందెను. 2009 అక్టోబరు 11వ తేదీన రోమను కథోలిక సంఘము ఆయనను పునీతునిగా ప్రకటించెను.

ఆయన మెత్తని మాటలవాఁడని మీరు తలఁతురేమో. కాఁడు. పట్టుదలగలవాఁడు, కోపిష్ఠి. రోగులకు కలప కావలెనని, మందులు కావలెనని ప్రభుత్వోద్యోగులను విసిగించెను. తోడివారితో కలహములును గలవు. ఆయన మరణానంతరము హోనొలూలు నగరపు మఱియొక క్రైస్తవగురువు ఆయనను నిందించుచు ఒక లేఖ వ్రాసెను. ఆ లేఖ అచ్చుపడఁగా, ప్రసిద్ధ రచయితయగు స్టీవెన్సను 1890లో దానికి ప్రత్యుత్తరము ప్రకటించెను. డేమియనునందు మొరటుతనము గలదని ఆయనయు ఒప్పుకొనెను; తక్కిన గురువులు సుఖముగా తమ ఇండ్లలో కూర్చుండఁగా ఆ మొరటు మనుష్యుఁడే అక్కడికి పోయి ఆ పని చేసెనని ఎత్తిచూపెను. వినయము మాటతీరున గాక పనిలో చూడవలెనని దీనివలన తేలుచున్నది. తన కొఱకు అడుగుటకు సిగ్గుపడి, పరుల కొఱకు అడుగుటకు సిగ్గువిడుచుట గూడ వినయమే.

మన దేశమునకు వత్తము. నిజామాబాదు చెంత డిచ్‌పల్లిలో కుష్ఠరోగులకు ఆసుపత్రి వెలసిన చరిత్ర మీలో కొందఱు వినియుందురు. స్కాట్లండు దేశమున పుట్టిన ఇసబెల్ కెర్ అను వైద్యురాలు 1907లో భర్తతో కూడ హైదరాబాదు రాజ్యమునకు వచ్చి, తరువాత రోగులకై ఆ ఆశ్రమమును నెలకొల్పెను. దానికి పెద్దమొత్తమున ధనమిచ్చినవారు రాజా నర్సాగౌడుగారు, ఆయన హిందువు. వ్రణములు కడిగినది ఒక మతమువారు, కట్టడమునకు ధనమిచ్చినది మఱియొక మతమువారు; రోగికి నొప్పి తగ్గుట ఒక్కటే.

ఇక్కడ పెద్దలు తఱుచుగా నడుగు ప్రశ్నను దాఁటిపోవుట న్యాయము గాదు. మతమున చేర్చుకొను తలంపుతో చేయు సేవ నిష్కామమగునా? ఈ ప్రశ్నకు బయటివారి మాట అక్కఱలేదు. సువార్తలే తూనిక యిచ్చుచున్నవి. మంచి సమరయుని కథ చూడుఁడు. దొంగలు కొట్టి పాఱవేసిన బాటసారిని దేవాలయపు యాజకుఁడు చూచి ప్రక్కగా పోయెను; మఱియొక ధర్మాధికారియు అట్లే పోయెను. యూదులు నీచముగా చూచు సమరయ జాతివాఁ డొకఁడు ఆగి, గాయములకు నూనెయు ద్రాక్షరసమును పోసి కట్టి, తన వాహనముపై నెక్కించి, సత్రమున చేర్చి, సత్రపువానికి రెండు దేనారములిచ్చి, మఱియు ఖర్చయినచో తిరిగివచ్చునపుడు తీర్చెదనని చెప్పిపోయెను. గాయపడినవానిని నీ కులమేది, నీ దేవుఁడెవ్వఁడని అతఁ డడుగలేదు. అతని పేరైనను మనకు తెలియదు. ఈ తూనికలో తూఁచినచో, వెల నడిగెడి సేవ వ్యాపారమే. అది ఏ మతమువారు చేసినను అంతే.

డేమియను మొలొకాయికి పోయిన 1873వ సంవత్సరముననే నార్వే దేశమున హాన్సెను అను వైద్యుఁడు కుష్ఠమునకు మూలమైన సూక్ష్మక్రిమిని కనుఁగొనెను. పలుమందులు కలిపి యిచ్చు చికిత్సను 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్దేశించెను. నేఁడు ఆ రోగము మందులతో పూర్తిగా నయమగును. ప్రభుత్వ వైద్యశాలలలో ఆ మందులు ఉచితముగా దొరకును. మందు మొదలుపెట్టిన కొలఁదికాలమునకే రోగివలన ఇతరులకు అంటుట నిలిచిపోవును. హవాయిలో ఆ నిర్బంధపు చట్టము 1969లో తొలఁగెను. వ్యాధికి మందు దొరకినది. వెలికి మాత్రము మందు దొరకలేదు. చికిత్స పొంది నయమైనవానికి సైతము పంక్తిలో పీట వేయుటకు జంకెడి ఊళ్లు గలవు. వైద్యుఁడు చేయఁగలిగినది చేసినాఁడు. మిగిలినది ఊరిపెద్దల చేతిలో నున్నది.

ప్రతి గ్రామమునందును ఎవరును చేయనొల్లని పని ఒకటి యుండును. ఎవరును ముట్టనొల్లని మనిషి ఒకఁ డుండును. ఆ పనిని తరతరములుగా ఒక్క కొందఱిపైననే మోపి, ఆ పని చేసిరను హేతువుచేతనే వారిని తక్కువవారినిగా ఎంచితిమి. మనకు శుభ్రత నిచ్చినవానిని మురికివాఁడంటిమి. ఆ రాత్రి తువాలు కట్టిన గురువు, నీచమైన పని యనునది లేదని చేతలతో చెప్పెను. ఆ మాట గ్రహించుటకు క్రైస్తవుఁడు కానక్కఱలేదు. క్రైస్తవుఁడైనంత మాత్రమున గ్రహించినట్లును కాదు.

చేయవలసినది గొప్ప త్యాగము కాకపోవచ్చును. మంచము పట్టిన పొరుగువాని పడక ఒక పూఁట మార్చుట, వెలిగా నుంచఁబడినవానిని పేరు పెట్టి పిలిచి తన అరుఁగుపై కూర్చుండఁబెట్టుట, చేసిన పిమ్మట దానిని గూర్చి ఎవరికిని చెప్పకుండుట: ఈ మూఁడును చేయఁగలిగినవాఁడు ఈ ధర్మము తెలిసినవాఁడు. ఊరిలో పెద్దవాఁడు మొదట వంగినచో తక్కినవారు వంగుటకు సిగ్గుపడరు. పెద్దఱికమునకు అంతకు మించిన ప్రయోజనము నాకు తోఁచదు.